ముషీరాబాద్: ఫ్యాక్టరీ గేటు నుంచి పోలింగ్ బూత్ దాకా

అందరికీ నమస్కారం. ఎండలో ఇంత దూరం వచ్చి కూర్చున్న పెద్దలకు, రీడింగ్ రూమ్‌లో పుస్తకాలు పక్కన పెట్టి వచ్చిన పిల్లలకు ముందుగా కృతజ్ఞతలు.

ఒక అసెంబ్లీ నియోజకవర్గం చరిత్ర చెప్పమంటే చాలామంది గెలిచినవాళ్ల జాబితా చదువుతారు. ఏ సంవత్సరం, ఏ పార్టీ, ఎంత మెజారిటీ. ఆ జాబితా మీ ఫోన్‌లోనే దొరుకుతుంది. నేను చెప్పాలనుకున్నది వేరు. ముషీరాబాద్‌లో ఒకప్పుడు ఎమ్మెల్యే ఎవరన్నది పోలింగ్ రోజు కన్నా చాలా ముందే, ఫ్యాక్టరీ గేట్ల దగ్గర తేలిపోయేది. ఆ గేట్లు ఒక్కొక్కటే మూతపడ్డాక ఈ సీటు రాజకీయం పూర్తిగా మారిపోయింది. ఆ మార్పులో మనం ఏం పోగొట్టుకున్నామో చెప్పాలని వచ్చాను.

నిజాం కాలంలో 1930ల్లో ఆజమాబాద్ పారిశ్రామికవాడ మొదలైంది. నిజాం పెద్ద కొడుకు ఆజం జా పేరు పెట్టారు. వజీర్ సుల్తాన్ పొగాకు కంపెనీ, మనమంతా వీఎస్‌టీ అనేది, 1930లోనే ఏర్పడింది. చార్మినార్ సిగరెట్ పెట్టె అక్కడి నుంచే దేశమంతా వెళ్లింది. ఇటు ముషీరాబాద్‌లో ఆర్టీసీ. 1932లో నిజాం రైల్వే కింద 27 బస్సులతో మొదలైన ఆ సంస్థకు ఇప్పటికీ బస్ భవనే హెడ్డాఫీసు. కవాడిగూడలో మెషిన్ టూల్స్ చేసే ప్రాగా టూల్స్, లోయర్ ట్యాంక్‌బండ్ దగ్గర డీబీఆర్ బట్టల మిల్లు. వీటన్నిటి మధ్యలో రాంనగర్, అడిక్‌మెట్, భోలక్‌పూర్, గాంధీనగర్, బాగ్‌లింగంపల్లి. డ్యూటీ దిగి నడుచుకుంటూ ఇల్లు చేరగలిగినంత దగ్గరలో మనుషులు కాపురం పెట్టారు. పని చేసేది ఇక్కడే, ఉండేది ఇక్కడే, ఓటూ ఇక్కడే. ఈ మూడూ ఒక్కచోట ఉండటమే ముషీరాబాద్ బలం.

1952లో హైదరాబాద్ రాష్ట్రానికి జరిగిన తొలి ఎన్నికల్లో ఇక్కడి నుంచి గెలిచినాయన డాక్టర్ జి.ఎస్. మేల్కోటే. బూర్గుల రామకృష్ణారావు గారి మంత్రివర్గంలో ఆర్థిక మంత్రిగా చేశారు. ఆయన డాక్టరు, స్వాతంత్ర్య సమరయోధుడు, వీటితో పాటు కార్మిక సంఘాల మనిషి. తర్వాత 1971లో తెలంగాణ ప్రజాసమితి తరఫున హైదరాబాద్ ఎంపీగా కూడా గెలిచారు. ఈ సీటుకు, కార్మిక ఉద్యమానికి, తెలంగాణ మాటకు మొదటి నుంచీ ఉన్న ముడి ఆయన జీవితంలోనే కనిపిస్తుంది.

ఆయన తర్వాత ఈ నేల మీద పెరిగిన నాయకుడు టి. అంజయ్య గారు. ఆల్విన్ కంపెనీలో కార్మికుడిగా పనిచేసి, యూనియన్ నడిపి, అక్కడి నుంచి అసెంబ్లీకి వెళ్లిన మనిషి. 1967లో, 1972లో ముషీరాబాద్ ఆయనదే. కార్మిక శాఖ మంత్రి కూడా అయ్యారు. ఇక్కడ కాస్త ఆగండి. మంత్రి అయిన కార్మిక నాయకుడిని ఓడించాలంటే ఎవరు కావాలి? ఇంకొక కార్మిక నాయకుడే కావాలి. 1978లో అదే జరిగింది.

నాయిని నర్సింహారెడ్డి గారు నల్లగొండ జిల్లా నేరెడుగొమ్ము నుంచి సోషలిస్టు పార్టీ పని మీద హైదరాబాద్ వచ్చారు. ఇక్కడే స్థిరపడ్డారు. వీఎస్‌టీ కార్మిక సంఘానికి నాయకుడయ్యారు. ఎమర్జెన్సీలో జైలుకు వెళ్లారు. జనతా పార్టీ టికెట్ మీద 1978లో అంజయ్య గారి మీద పోటీ చేసి, రెండు వేల పైచిలుకు ఓట్లతో గెలిచారు. ఆ ఎన్నికల్లో రాష్ట్రమంతా ఇందిరా గాంధీ గాలి. 294 సీట్లలో 175 ఇందిరా కాంగ్రెస్‌వే. అంత గాలిలో ముషీరాబాద్ మాత్రం ఎదురు నడిచింది. అంజయ్య గారు చెడ్డవాడని ఓడించలేదు, ఆయన్ను ప్రేమించిన బస్తీలు ఇక్కడ చాలా ఉండేవి. అయితే ఆయన మంత్రి కారులో తిరుగుతుంటే, ఈయన రోజూ గేటు దగ్గర నిలబడ్డారు. తేడా అక్కడ వచ్చింది.

గేట్ మీటింగ్ అంటే ఇప్పటి పిల్లలకు తెలియకపోవచ్చు. మా నాన్న ప్రాగా టూల్స్‌లో ఫిట్టర్. చిన్నప్పుడు టిఫిన్ డబ్బా ఇవ్వడానికి వెళ్లి ఎన్నోసార్లు చూశాను. షిఫ్టు మారేటప్పుడు సైరన్ మోగుతుంది. లోపలి నుంచి ఒక గుంపు, బయటి నుంచి ఒక గుంపు. సైకిళ్లు స్టాండు నుంచి తీస్తున్న చప్పుడు. గేటు పక్కన ఛాయ్ బండి దగ్గర ఒక స్టూలు వేస్తారు. యూనియన్ నాయకుడు దాని మీద ఎక్కి పది నిమిషాలు మాట్లాడతాడు. మైకు ఉండదు. బోనస్ ఎంత శాతం అడిగాం, మేనేజ్‌మెంట్ ఏమంది, మళ్లీ ఎప్పుడు కూర్చుంటాం. అంతే. కింద నుంచి ఎవరో ఒకరు అరుస్తారు: "అన్నా, పోయిన్సారి గూడ గిట్లనే చెప్పినవ్, క్యాజువలోళ్ల సంగతేంది?" స్టూలు మీదున్న మనిషి జవాబు చెప్పాల్సిందే. చెప్పకపోతే రేపటి షిఫ్టులో మళ్లీ అదే మనిషి, అదే ప్రశ్న. తప్పించుకోవడానికి దారి లేదు.

నాయకుణ్ని జనం నిలదీసే చోటు అది. వారం వారం, కొన్నిసార్లు రోజు రోజూ. ఐదేళ్లకోసారి కాదు. అందుకే ఆ కాలంలో ఇక్కడ గెలిచినవాళ్ల మీద ఎన్ని విమర్శలైనా చేయండి, "దొరకడు" అన్న మాట మాత్రం అనలేరు.

1978లో ఓడిన అంజయ్య గారు రెండేళ్లలో ఢిల్లీలో కేంద్ర మంత్రి, 1980 అక్టోబరులో రాష్ట్ర ముఖ్యమంత్రి. ముషీరాబాద్ ఓడించిన మనిషి రాష్ట్రానికే పెద్ద అయ్యారు. ఎమ్మెల్యే కావడానికి రామాయంపేట వెళ్లాల్సి వచ్చింది. 61 మందితో మంత్రివర్గం వేశారని పేపర్లు ఎగతాళి చేశాయి. అది నిజమే, పెద్ద మంత్రివర్గమే. కానీ చదువుకున్నవాళ్లు ఆయన భాషను, నడకను, చెయ్యి ఊపే పద్ధతిని చూసి నవ్విన నవ్వు వేరే. ఒక కార్మికుడు ఆ కుర్చీలో కూర్చోవడాన్ని ఓర్చుకోలేని నవ్వు అది. ఈ మాట ఇంత గట్టిగా అంటున్నందుకు ఎవరైనా నొచ్చుకుంటే నొచ్చుకోండి, నేను వెనక్కి తీసుకోను.

1982 ఫిబ్రవరిలో బేగంపేట విమానాశ్రయంలో జరిగిన సంగతి మీకు తెలుసు. రాజీవ్ గాంధీ వస్తున్నారని అంజయ్య గారు డప్పులతో, దండలతో జనాన్ని తీసుకెళ్లారు. రాజీవ్ గాంధీ అందరి ముందూ కోప్పడ్డారు. ముఖ్యమంత్రి కళ్లలో నీళ్లు తిరిగాయని అప్పట్లో ఊరంతా చెప్పుకున్నారు. అదే నెలలో ఆయన పదవి పోయింది. మార్చి 29న ఎన్టీ రామారావు గారు తెలుగుదేశం పార్టీ పెట్టారు. తెలుగువాడి ఆత్మగౌరవం అన్నారు. ఆ నినాదానికి పుట్టుక బేగంపేటలో అయితే, అవమానపడ్డ మనిషి బతుకు మన బస్తీలది. 1983 జనవరిలో, ఏడాది కూడా నిండని ఆ పార్టీకి ముషీరాబాద్ సీటు ఇచ్చింది.

తమాషా ఏమంటే, తర్వాతి ఏడాదే 1984 లోక్‌సభ ఎన్నికల్లో రాష్ట్రంలో తెలుగుదేశం 42కి 30 సీట్లు గెలిస్తే, కాంగ్రెస్‌కు దక్కిన కొద్ది సీట్లలో మన ముషీరాబాద్ ఉన్న సికింద్రాబాద్ ఒకటి. గెలిచింది అంజయ్య గారే. అవమానాన్ని చూసి రాష్ట్రం ఒక పార్టీని గెలిపిస్తే, ఇక్కడి జనం అవమానపడ్డ మనిషినే గెలిపించారు. ఆయన రాజీవ్ గాంధీ మంత్రివర్గంలోనే కార్మిక శాఖ చూశారు. 1986 అక్టోబరులో చనిపోయారు. 1987లో ఉపఎన్నిక వస్తే ఆయన భార్య మణెమ్మ గారు ఎంపీ అయ్యారు, 1989లో మళ్లీ గెలిచారు.

అసెంబ్లీ సీటు సంగతికి వస్తే, 1985లో నాయిని గారు తెలుగుదేశం మద్దతుతో జనతా పార్టీ నుంచి రెండోసారి గెలిచారు. 1989లో కాంగ్రెస్ నుంచి కోదండరెడ్డి గారు వచ్చారు. ఇక్కడి నుంచి కథ మెల్లగా దారి మారుతుంది.

ఎందుకు మారింది? డీబీఆర్ మిల్లు మూతపడింది. ప్రాగా టూల్స్ నష్టాల్లోకి పోయి చివరికి ఆగిపోయింది. నడుస్తున్న కంపెనీల్లో కొత్త మిషన్లు వచ్చాయి, పర్మనెంట్ ఉద్యోగాలు తగ్గాయి, కాంట్రాక్ట్ మనుషులు పెరిగారు. కాంట్రాక్ట్ మనిషి స్టూలు ముందు నిలబడి ప్రశ్న అడిగితే రేపు పని ఉండదు. ఆజమాబాద్‌లో లీజు భూముల మీద 1992లో ఏకంగా ఒక చట్టమే చేయాల్సి వచ్చింది. అప్పటికే అక్కడ తయారయ్యే వస్తువుల కన్నా ఆ భూమి ధర గురించే ఎక్కువ మాట్లాడుకునేవాళ్లు. కార్మికుడి కొడుకు చదువుకున్నాడు. అది మంచిదే, మేమూ అలా చదువుకున్నవాళ్లమే. ఉద్యోగానికి సనత్‌నగర్ పోయాడు, తర్వాత మాదాపూర్ పోయాడు. ఇల్లు మాత్రం ఇక్కడే ఉంది. ఇల్లొక చోట, పనొక చోట అయిపోయింది.

గేటు పోయాక జనాన్ని కలిపే చోటు ఏది మిగిలింది? గుడి, మసీదు, కుల సంఘం, కాలనీ అసోసియేషన్. వాటిని నేను తక్కువ చేయడం లేదు. సదర్ పండుగ నాడు దున్నపోతులను అలంకరించి తీసుకొస్తుంటే నేనూ వెళ్లి నిలబడతాను. వినాయక మండపాలు, మొహర్రం, బోనాలు, అన్నీ మనవే. కానీ వాటిలో ఒక్కొక్క దానిలో సగం ముషీరాబాద్ ఉంటుంది, మిగతా సగం బయట ఉంటుంది. గేటు దగ్గర మాత్రం యాదవులు, గౌడ్‌లు, దళితులు, ముస్లింలు, కోస్తా నుంచి వచ్చినవాళ్లు ఒకే బోనస్ కోసం ఒకే లైన్‌లో ఉండేవాళ్లు.

1991లో సికింద్రాబాద్ ఎంపీగా బీజేపీ నుంచి బండారు దత్తాత్రేయ గారు గెలవడం ఆ మార్పుకు మొదటి గట్టి గుర్తు. 1999లో తెలుగుదేశం పొత్తుతో అసెంబ్లీ సీటు కూడా బీజేపీకి వెళ్లింది, డాక్టర్ కె. లక్ష్మణ్ గారు గెలిచారు. 2004లో కాంగ్రెస్ పొత్తుతో, టీఆర్‌ఎస్ తరఫున నాయిని గారు తిరిగి వచ్చారు. ఈసారి ఆయన కార్మిక నాయకుడిగా కన్నా తెలంగాణ నాయకుడిగా గెలిచారు. మంత్రి అయ్యారు, పార్టీ ప్రభుత్వం నుంచి బయటికి వచ్చేస్తే ఆయనా వచ్చేశారు.

2008లో టీఆర్‌ఎస్ ఎమ్మెల్యేలు, ఎంపీలు రాజీనామాలు చేసి తెలంగాణ కోసం మళ్లీ జనం ముందుకు వెళ్లారు. ఖాళీ చేసిన 16 అసెంబ్లీ సీట్లలో ఏడే తిరిగి వచ్చాయి. పోయినవాటిలో ముషీరాబాద్ ఒకటి. నాయిని గారిని ఓడించింది ఎవరో తెలుసు కదా? అంజయ్య గారి భార్య మణెమ్మ గారు. 1978లో భర్తను ఓడించిన మనిషిని 30 ఏళ్ల తర్వాత ఆమె ఓడించారు. దీన్ని పగ అనుకుంటే పొరపాటు. ఆ రెండు ఇళ్ల వాళ్లకూ ఒకరి మీద ఒకరికి ఉన్న గౌరవం ఇక్కడి పాతవాళ్లకు తెలుసు. నాకు మాత్రం అది గేటు రాజకీయం చివరిసారి కనిపించిన ఎన్నిక. పోటీలో ఉన్న రెండు పేర్లూ కార్మికుల నుంచి వచ్చినవే.

2009 ఎన్నికల నాటికి నియోజకవర్గాల హద్దులు మారాయి. హిమాయత్‌నగర్ అనే సీటే పోయింది. మణెమ్మ గారు కొత్త హద్దుల్లోనూ గెలిచారు. కానీ ఆ ఏడాది నా మనసులో మిగిలింది ఆ గెలుపు కాదు, భోలక్‌పూర్.

ఏప్రిల్‌లో పోలింగ్ అయిపోయింది. మే 16న లెక్కింపు. మధ్యలో, మే మొదటి వారంలో, భోలక్‌పూర్‌లో నల్లా నీళ్లలో మోరీ నీళ్లు కలిశాయి. పది మందికి పైగా చనిపోయారు. వందల మంది వాంతులు, విరేచనాలతో ఆసుపత్రుల పాలయ్యారు. తోళ్ల గోదాములు, స్క్రాప్ దుకాణాలు, ఇరుకు గల్లీలు, వాటి కింద పాత పైపులు. మంచినీళ్ల పైపు, మురుగు పైపు పక్కపక్కనే పోతాయి. నీళ్లు రోజూ రావు. రాని వేళ ఖాళీ పైపు పగుళ్లలోంచి బయటి మురుగును లోపలికి పీల్చుకుంటుంది. మర్నాడు నల్లా తిప్పితే ముందుగా వచ్చేది అదే. ఇది అక్కడి ఆడవాళ్లకు ఇంజనీర్ల కన్నా బాగా తెలుసు. మొదటి బిందె పారబోయాలని వాళ్లే పిల్లలకు నేర్పుతారు. నీళ్లు వాసన వస్తున్నాయని వాళ్లు ఎన్ని రోజుల నుంచి మొత్తుకుంటున్నారో! వినాల్సినవాళ్ల ఓట్ల పని అప్పటికి అయిపోయింది.

నేను అడిగేది ఒక్కటే. ఆ గల్లీ మనుషులు వారానికోసారి తమ నాయకుణ్ని ముఖాముఖి నిలదీయగలిగే చోటు ఒకటి ఉండి ఉంటే, అన్ని రోజులు ఆ నీళ్లు తాగేవాళ్లా? దానికి నా దగ్గర రుజువు లేదు. కానీ నా నమ్మకం మాత్రం గట్టిది.

2014లో తెలంగాణ వచ్చింది. టీఆర్‌ఎస్ అధికారంలోకి వచ్చింది కానీ, హైదరాబాద్ జిల్లాలోని 15 సీట్లలో ఆ పార్టీకి దక్కింది సికింద్రాబాద్ ఒక్కటే. ముషీరాబాద్‌లో లక్ష్మణ్ గారే మళ్లీ గెలిచారు. తెలంగాణ తొలి హోంమంత్రి అయిన నాయిని గారు శాసనమండలి నుంచి మంత్రి అయ్యారు, తన సొంత సీటు నుంచి కాదు. 2018లో టీఆర్‌ఎస్ నుంచి ముఠా గోపాల్ గారు. 2023లో మళ్లీ ఆయనే. ఆ రెండు ఎన్నికల్లో కాంగ్రెస్ తరఫున ఒకసారి అనిల్ కుమార్ యాదవ్, ఇంకోసారి ఆయన తండ్రి, మాజీ ఎంపీ అంజన్ కుమార్ యాదవ్ పోటీ చేశారు. 2023లో రాష్ట్రంలో కాంగ్రెస్ 64 సీట్లతో గెలిచింది, హైదరాబాద్ జిల్లాలో ఒక్క సీటూ రాలేదు. 1978 లాగే గాలి ఒకవైపు, ముషీరాబాద్ ఇంకోవైపు.

పైకి చూస్తే అదే తెగువ అనిపిస్తుంది. నాకు అలా అనిపించడం లేదు. 2020 జీహెచ్‌ఎంసీ ఎన్నికల్లో ఇక్కడి ఆరు డివిజన్లలో ఐదు బీజేపీకి వచ్చాయి, భోలక్‌పూర్ మజ్లిస్‌కు. మూడేళ్ల తర్వాత ఎమ్మెల్యే బీఆర్‌ఎస్. ఆరు నెలల తర్వాత ఎంపీ బీజేపీ. నల్లా గురించి కార్పొరేటర్‌ను అడిగితే ప్రభుత్వం నిధులివ్వడం లేదంటారు. ఎమ్మెల్యేను అడిగితే జీహెచ్‌ఎంసీ పని అంటారు. ఎంపీ దాకా పోయే ఓపిక ఎవరికుంది? ఓటరు మూడు చోట్ల వేర్వేరు పార్టీలను ఎన్నుకోవడం తప్పు కాదు, అది అతని హక్కు. కానీ ముగ్గురినీ ఒకే చోట నిలబెట్టి అడిగే స్టూలు ఇప్పుడు లేదు. ఇక హైదరాబాద్‌లో పోలింగ్ ఎప్పుడూ సగానికి అటూ ఇటుగానే ఉంటుంది. బద్ధకం అని తిట్టేస్తాం. అడిగినా జవాబు రానప్పుడు మనిషి అడగడం మానేస్తాడు, తర్వాత ఓటేయడమూ మానేస్తాడు.

ఇప్పుడు ఇక్కడున్న పిల్లల మాట. అశోక్‌నగర్, చిక్కడపల్లి, గాంధీనగర్ సందుల్లో ఇవాళ అన్నిటికన్నా పెద్ద జనం ఎవరు? గ్రూప్స్‌కు, ఎస్సై పరీక్షలకు చదువుకునే మీరే. ఒక్కో గదిలో నలుగురైదుగురు. ఈ లైబ్రరీలో సీటు కోసం తెల్లవారకముందే లైన్. 2023 ఎన్నికల ముందు రాహుల్ గాంధీ మిమ్మల్ని కలవడానికి ఇక్కడికే వచ్చారు. నోటిఫికేషన్ల మీద మీ కోపం రాష్ట్రమంతటి ఎన్నికల్లో మాట్లాడింది. కానీ మీ ఓటు ఎక్కడుంది? నల్లగొండలో, పాలమూరులో, ఆదిలాబాద్‌లో. హాస్టల్ ఫీజులు, గది కిరాయిలు, మీరు తినే మెస్సు, రాత్రి నడిచే రోడ్డు, ఇవన్నీ ముషీరాబాద్‌వి. ఇక్కడి ఎమ్మెల్యే గెలుపోటములతో మీకు సంబంధమే లేదు. ఒకప్పటి కార్మికుడికి ఉన్న ఆ మూడూ, పని, ఇల్లు, ఓటు, మీకు విడివిడిగా అయిపోయాయి. ఏళ్ల తరబడి ఇక్కడే ఉంటున్నవాళ్లు ఇక్కడ ఓటరుగా నమోదు చేసుకోండి. చట్టం ఒప్పుకుంటుంది. ఊళ్లో ఓటు తీసేసుకుంటే అమ్మానాన్నలు బాధపడతారని మీరంటారు, నాకు తెలుసు. ఆలోచించండి.

ఇందిరా పార్క్ నుంచి వీఎస్‌టీ దాకా 2023 ఆగస్టులో స్టీల్ బ్రిడ్జి తెరిచారు. 450 కోట్లు ఖర్చు పెట్టారు. నాయిని నర్సింహారెడ్డి గారి పేరు పెట్టారు. 2020లో ఆయన పోయాక ఆయనకు దక్కిన మంచి గౌరవమే అది, నేను సంతోషించాను. ఇప్పుడు ఆర్టీసీ క్రాస్ రోడ్స్ ట్రాఫిక్‌లో పడకుండా బండి మీద నిమిషాల్లో దాటిపోతాం. ఆయన నిలబడి మాట్లాడిన చోటు మాత్రం బ్రిడ్జి కిందే ఉంటుంది. పైన పోయేవాళ్లలో ఎంతమందికి తెలుసు?

అందుకే ఒక పని మొదలుపెడదామని అనుకుంటున్నాం. మీ ఇళ్లలో పాత యూనియన్ చందా రసీదులు, గేట్ మీటింగ్ కరపత్రాలు, సమ్మె నాటి ఫోటోలు, బోనస్ ఒప్పందం కాగితాలు ఉంటే పాత పేపర్లోడికి వేయకండి. తీసుకురండి, స్కాన్ చేసుకుని మీవి మీకు తిరిగిచ్చేస్తాం. మీ నాన్నో తాతో వీఎస్‌టీలో, ఆర్టీసీలో, ప్రాగాలో, డీబీఆర్‌లో చేసి ఉంటే, బతికి ఉంటే, వాళ్ల మాటలు ఫోన్‌లో రికార్డు చేయండి. ఏ సంవత్సరం ఎవరికి ఓటేశారని కాదు, ఎందుకు వేశారో అడగండి. ఎవరిని ఏమని నిలదీశారో అడగండి. ఎన్నికల సంఘం దగ్గర అంకెలున్నాయి, ఆ జవాబులు మాత్రం మన ఇళ్లలోనే ఉన్నాయి, అవి చెప్పగలిగినవాళ్లు ఏటా తగ్గిపోతున్నారు.

నాకిచ్చిన టైమ్ అయిపోయింది. వెనక వరసలో ఆర్టీసీలో చేసి రిటైరైన పెద్దాయన ఇందాకటి నుంచి చెయ్యి ఎత్తుతూనే ఉన్నారు. మొదటి ప్రశ్న ఆయనదే. అడగండి సార్.